పిల్లల బొమ్మలలో శాస్త్ర సత్యం: బియాట్రిక్స్ పాటర్ చిత్రరచన

పిల్లల కథలలో జంతువులు మాట్లాడతాయి, బట్టలు కట్టుకుంటాయి, ఒకదాని ఇంటికి ఒకటి విందుకు పోతాయి. పంచతంత్రం చదువుకున్న మనకు ఇది కొత్త కాదు. కథలో నక్క నీతులు చెప్పినంత మాత్రాన ఏ పిల్లవాడూ మోసపోడు. నక్కలు మాట్లాడవని వాడికి తెలుసు. కాని ఆ కథకు వేసిన బొమ్మలో సాలీడుకు ఆరు కాళ్ళు ఉన్నా, కప్ప ముందుకాళ్ళకు అయిదేసి వేళ్ళు ఉన్నా వాడు ఆ తప్పును పట్టుకోలేడు. సాలీడుకు ఎనిమిది కాళ్ళనీ, కప్ప ముందుకాలికి నాలుగే వేళ్ళనీ వాడికి ఇంకా ఎవరూ చెప్పి ఉండరు. మాటలలోని కల్పన వాడికి తెలిసిన కల్పన. బొమ్మలోని తప్పు వాడికి తెలియని తప్పు. అది పెద్దయ్యేదాకా వాడి వెంట వస్తుంది.

అట్లయితే పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసేవారికి ఊహాశక్తి ఉండకూడదా? కుందేలుకు కోటు తొడగడం నేరమా? ఈ ప్రశ్నకు వాదనకంటె ఉదాహరణ మంచి సమాధానం. ఇంగ్లండులో పుట్టిన బియాట్రిక్స్ పాటర్ కుందేలుకు నీలిరంగు కోటు తొడిగింది. కప్పకు వానకోటు తొడిగింది. ఆ కోట్ల లోపల ఉన్నవి మాత్రం నిజమైన కుందేలు, నిజమైన కప్ప. ఆమె బొమ్మలను కళాదృష్టితో మెచ్చుకున్నవారు చాలామంది ఉన్నారు. సైన్సు పాఠం చెప్పేవారి దృష్టితో వాటి గుణదోషాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మేడమీది చదువుల గది

పాటర్ 1866 జూలై 28వ తేదీన లండన్‌లో ఒక సంపన్న కుటుంబంలో జన్మించింది. ఆనాటి ధనిక కుటుంబాల ఆచారం ప్రకారం ఆమె బడికి పోలేదు. ఇంటివద్దనే ఉపాధ్యాయినుల దగ్గర చదువుకున్నది. మేడమీది చదువుల గదియే ఆమెకూ, ఆమె తమ్ముడు బెర్ట్‌రామ్‌కూ ప్రయోగశాల. కుందేళ్ళు, చిట్టెలుకలు, గబ్బిలాలు, కప్పలు, బల్లులు, హెడ్జిహాగ్ అనే చిన్న ముళ్ళజంతువు, ఇన్ని ప్రాణులను వారు ఆ గదిలో పెంచారు. ఏదైనా చచ్చిపోతే దానిని ఉడకబెట్టి, మాంసం తీసివేసి, ఎముకలగూడును భద్రపరచి, దానిని చూచి బొమ్మ గీసేవారు.

వినడానికి ఇది కొంచెం కఠినంగానే ఉంటుంది. కాని ఆమె బొమ్మలకు పునాది ఇక్కడనే పడింది. చర్మం మీద బొచ్చు ఎంత అందంగా గీసినా, లోపలి ఎముక ఎక్కడ వంగుతుందో తెలియకపోతే కుందేలు కూర్చోదు, గంతు వేయదు. వైద్యవిద్యార్థి శవపరీక్ష వలన నేర్చుకునేదానిని ఈ బాలిక పెంపుడు జంతువుల ఎముకల నుంచి నేర్చుకున్నది. ఎండకాలంలో కుటుంబమంతా స్కాట్లండులోని పల్లెలకూ, తరువాత ఇంగ్లండు వాయవ్యభాగంలోని సరస్సుల సీమకూ పోయి కొన్ని నెలలు ఉండేది. అక్కడి అడవులు, వాగులు ఆమెకు రెండవ బడి.

పుట్టగొడుగుల చిత్రాలు

స్కాట్లండులోని డన్‌కెల్డ్ ప్రాంతంలో చార్లెస్ మెకింటాష్ అనే తపాలాబంట్రోతు ఉండేవాడు. రోజూ మైళ్ళకొద్దీ నడిచి ఉత్తరాలు పంచుతూ, ఆ దారుల వెంట పెరిగే నాచు మొక్కలను, పుట్టగొడుగులను క్షుణ్ణంగా తెలుసుకున్న ప్రకృతి పరిశీలకుడు. 1892లో పాటర్ అతనితో పరిచయం చేసుకున్నది. ఆమె అప్పటికే పుట్టగొడుగుల రంగుబొమ్మలు వేస్తున్నది. అతడు వాటిని చూచి, పైరూపం ఒక్కటే చాలదనీ, గొడుగును నిలువునా కోసి లోపలి భాగాన్ని కూడా చూపాలనీ, అడుగునగల పలుచని రేకులు కాడకు ఏవిధంగా అతుక్కున్నవో స్పష్టంగా గీయాలనీ సూచించాడు. శీతకాలంలో ఆమె లండన్‌లో ఉన్నప్పుడు అతడు తపాలా ద్వారా పుట్టగొడుగులు పంపేవాడు. ఆమె వాటి బొమ్మలు వేసి అతనికి ప్రతులు పంపేది.

ఈ సలహా విలువ ఏమిటో తెలియాలంటే పుట్టగొడుగు నిర్మాణాన్ని ఒకసారి జ్ఞాపకం చేసుకోవాలి. మన కంటికి కనబడే గొడుగు శిలీంధ్రం మొత్తం కాదు. మామిడిచెట్టుకు మామిడికాయ ఎటువంటిదో, నేలలో అల్లుకొని ఉన్న సన్నని తెల్లటి పోగుల వలకు ఈ గొడుగు అటువంటిది. గొడుగు అడుగున ఉన్న రేకుల మీద సిద్ధబీజాలు లక్షల సంఖ్యలో పుట్టి గాలికి ఎగిరిపోతాయి. ఒక్కొక్క సిద్ధబీజం పొడవు మిల్లీమీటరులో నూరవవంతు, లేదా అంతకన్న తక్కువ. రేకులు కాడకు అతుక్కొన్న తీరు, కాడ మీద ఉంగరం ఉండడం లేకపోవడం, సిద్ధబీజాల రంగు, వీటిని బట్టియే ఒక జాతిని మరొక జాతినుంచి వేరుచేస్తారు. పైనుంచి చూచి వేసిన అందమైన బొమ్మలో ఇవేవీ కనబడవు.

పాటర్ ఆ సలహాను పూర్తిగా గ్రహించింది. ఒకే జాతికి చెందిన లేత గొడుగు, విచ్చిన గొడుగు, కోసిన భాగం, ఒక్కొక్కప్పుడు అది పెరిగిన ఆకుల మన్ను, ఇవన్నీ ఆమె కాగితం మీద కనబడతాయి. ఆమె వేసిన శిలీంధ్రాల చిత్రాలు మూడు వందలకు పైగా ఉన్నవి. ఆమె మరణించిన తరువాత 1967లో ఫిండ్లే అనే శిలీంధ్ర శాస్త్రజ్ఞుడు, దారిప్రక్కల, అడవులలో పెరిగే శిలీంధ్రాలను గురించి తాను రాసిన గ్రంథంలో ఆమె చిత్రాలను 59 చేర్చాడు. అలంకారం కోసం కాదు, జాతులను గుర్తుపట్టడానికి. ఒక చిత్రకారిణికి శాస్త్రం ఇవ్వగల యోగ్యతాపత్రం ఇంతకంటె వేరే లేదు.

వరుసగా మూడు రోజులు

1893 సెప్టెంబరులో పాటర్ కుటుంబం డన్‌కెల్డ్‌లో ఉన్నది. సెప్టెంబరు 3వ తేదీన ఆమె అరుదుగా దొరికే ఒక పుట్టగొడుగు బొమ్మ వేసింది. దేవదారు కాయమీది పొలుసులవంటి నల్లని పొలుసులు గల జాతి అది. మరునాడు, 4వ తేదీన, జబ్బుపడిన నోయెల్ మూర్ అనే పిల్లవానికి ఆమె ఒక ఉత్తరం రాసింది. నోయెల్ ఆమె పూర్వపు ఉపాధ్యాయిని కుమారుడు. వాడికి ఏమి రాయాలో తోచక, నాలుగు కుందేలు పిల్లల కథను బొమ్మలతో సహా రాసి పంపింది. తరువాత లోకప్రసిద్ధమైన పీటర్ రాబిట్ కథ ఇదే. ఆ మరునాడు, 5వ తేదీన, నోయెల్ తమ్ముడు ఎరిక్‌కు చేపలవేటకు పోయిన కప్పను గురించి మరొక బొమ్మల ఉత్తరం రాసింది.

మొదటి రోజు పుట్టగొడుగు, రెండవ రోజు కుందేలు, మూడవ రోజు కప్ప. విద్యార్థులు ఈ తేదీలను శ్రద్ధగా గమనించాలి. పాటర్ విషయంలో ఎక్కువగా ప్రచారంలో ఉన్న ఒక కథను ఇవి సరిదిద్దుతాయి.

1897 నాటి వ్యాసం

పుట్టగొడుగుల సిద్ధబీజాలు ఎట్లా మొలకెత్తుతాయో తెలుసుకోవాలని పాటర్ స్వయంగా ప్రయోగాలు చేసింది. సిద్ధబీజాలను మొలకెత్తించి, వాటి నుంచి పోగులు రావడం సూక్ష్మదర్శినిలో సుమారు 600 రెట్లు పెద్దదిగా చూచి బొమ్మలు గీసింది. ఆమె మేనత్త భర్త హెన్రీ రాస్కో పేరుపొందిన రసాయన శాస్త్రజ్ఞుడు. ఆయన ఆమెను వెంటబెట్టుకొని క్యూ ఉద్యానానికి పోయి అక్కడి అధికారులకు పరిచయం చేశాడు. ఉద్యాన సంచాలకుడు థిసెల్టన్ డయర్ ఆమె కృషిని లెక్కచేయలేదు. చివరకు ఆమె రాసిన వ్యాసం 1897 ఏప్రిల్ 1వ తేదీన లండన్‌లోని లినియన్ సొసైటీ ముందుకు వచ్చింది. దానిని సమర్పించినది క్యూ ఉద్యానంలోని జార్జి మాసీ. స్త్రీలకు ఆ సంఘంలో సభ్యత్వం లేదు. సమావేశానికి రావడానికి కూడా వీలు లేదు. తరువాత ఆ వ్యాసాన్ని వెనక్కు తీసుకున్నారు. అది అచ్చుకాలేదు, దాని ప్రతి నేటివరకు దొరకలేదు. ఆ సంఘం స్త్రీలను సభ్యులుగా చేర్చుకోవడం 1905 నుంచి మొదలైనది. పాటర్ పట్ల తాము సరిగా వ్యవహరించలేదని 1997లో ఆ సంఘమే ఒప్పుకున్నది.

దీనిని ఆధారం చేసుకొని కొందరు ఇట్లా చెబుతారు: శాస్త్రలోకం ఒక మహా ఆవిష్కర్తను తరిమివేసింది; ఆమె మనసు విరిగి పిల్లల బొమ్మలకు వచ్చింది. ఇందులో సగమే నిజం. ఆమెకు జరిగిన అన్యాయం నిజం. కాని సిద్ధబీజాలను మొలకెత్తించడం ఆమెతో మొదలు కాలేదు. జర్మనీలో బ్రెఫెల్డ్ అంతకుముందే ఆ పని చేసి ఉన్నాడు. ఇక ఆమె బొమ్మల ప్రస్థానం 1897 తరువాత మొదలైనది కాదు. 1890లోనే ఆమె కుందేలు బొమ్మలు శుభాకాంక్షల కార్డుల మీద అచ్చయినవి. పీటర్ రాబిట్ ఉత్తరం 1893 నాటిది. శాస్త్రమూ బొమ్మలూ ఆమెకు ఒకదాని తరువాత ఒకటి వచ్చిన వృత్తులు కావు. ఒకే బల్లమీద, ఒకే కుంచెతో, ఒకే వారంలో సాగిన పని.

అన్యాయాన్ని ఖండించడానికి అతిశయోక్తి అవసరం లేదు. ఆమె వ్యాసంలో కొత్త విషయం ఎంత ఉన్నా, రాసిన మనిషి ఆ గదిలో కూర్చొని ఆక్షేపణలు వినడానికీ, జవాబు చెప్పడానికీ అవకాశం లేకపోవడమే అసలైన నష్టం. శాస్త్రంలో సగం చదువు ఆ ఆక్షేపణల వలననే వస్తుంది.

కోటు కింది కుందేలు

పీటర్ రాబిట్ పుస్తకాన్ని మొదట ప్రచురణకర్తలు పలువురు నిరాకరించారు. చిన్న చేతులలో ఇమిడే చిన్న పుస్తకం కావాలని ఆమె పట్టుపట్టింది. వారికి పెద్ద పుస్తకం కావలసివచ్చింది. చివరకు 1901 డిసెంబరులో ఆమె తన సొంత ఖర్చుతో 250 ప్రతులు అచ్చువేయించింది. 1902 అక్టోబరులో ఫ్రెడరిక్ వార్న్ కంపెనీవారు రంగులలో ప్రచురించారు.

ఈ పుస్తకంలో పీటర్ అనే కుందేలు పిల్ల కోటు, చెప్పులు తొడుక్కొని మెక్‌గ్రెగర్ తోటలో ముల్లంగి దొంగిలించడానికి పోతుంది. మొదట అది రెండు కాళ్ళమీద నిలబడుతుంది. తరుముకొని వచ్చిన మనిషిని తప్పించుకొనే తొందరలో చెప్పులు పోతాయి. అప్పుడు అది నాలుగు కాళ్ళమీద పరుగెత్తుతుంది. అంతకుముందుకంటె వేగంగా పోతుంది. తరువాత వలలో చిక్కి కోటు కూడా పోగొట్టుకుంటుంది. ఆ చిన్న మార్పులో జంతుశాస్త్ర పాఠం ఉన్నది. కుందేలు వెనుకకాళ్ళు పొడవు, ముందుకాళ్ళు పొట్టి. ఆ శరీరం గంతుకు తయారైనది గాని నడకకు కాదు. మనిషి వేషం తీసివేయగానే కుందేలు తన స్వభావానికి వస్తుంది. ఆ తోటలోకి పోయిన పీటర్ తండ్రిని వండుకొని తిన్నారనే మాట కూడా కథ మొదట్లోనే ఉన్నది. వేటాడేవాడు, వేటకు చిక్కేది అనే ప్రకృతి సంబంధాన్ని ఆమె పిల్లలకు దాచిపెట్టలేదు.

1906లో వచ్చిన జెరెమీ ఫిషర్ కథలో కప్ప తామరాకు పడవ మీద చేపలవేటకు పోతుంది. దాని గాలానికి స్టికిల్‌బ్యాక్ అనే ముళ్ళచేప తగిలి వేళ్ళను గుచ్చుతుంది. ఆ చేపకు వీపుమీద నిజంగానే పదునైన ముళ్ళు ఉంటాయి. ఒక పెద్ద ట్రౌట్ చేప కప్పను నోట కరచుకొని, వానకోటు రుచి నచ్చక ఉమ్మివేస్తుంది. సాయంత్రం విందుకు వచ్చిన తాబేలు తనతో ఆకుకూరలు తెచ్చుకుంటుంది, మెట్టతాబేలు శాకాహారి గనుక! వేషాలు కల్పితం, అలవాట్లు యథార్థం. కెన్నెత్ గ్రహామ్ రాసిన ప్రసిద్ధ కథలో గోదురుకప్ప జుట్టు దువ్వుకోవడాన్ని ఆమె ఒక ఉత్తరంలో ఆక్షేపించింది. కప్పకు చెప్పులు తొడగవచ్చును గాని, లేని జుట్టును మొలిపించరాదని ఆమె అభిప్రాయం. ఆమె చిత్రరచన సూత్రమంతా ఈ ఒక్క ఆక్షేపణలో ఉన్నది. దేహం మీద ఏదైనా వేయవచ్చు, దేహాన్ని మార్చరాదు.

ఈ సూక్ష్మ పరిశీలన పాఠకుడిదాకా చేరడానికి అచ్చు విధానం కూడా తోడ్పడింది. అంతకుముందు రంగుబొమ్మను అచ్చువేయాలంటే తరచు దానిని చెక్కదిమ్మల మీద మరొకరు చెక్కవలసివచ్చేది. చిత్రకారుని గీత చెక్కేవాని గీతగా మారేది. పాటర్ పుస్తకాలకు వాడినది మూడురంగుల విధానం. మూలచిత్రాన్ని నీలం, ఆకుపచ్చ, ఎరుపు గాజుల గుండా మూడుసార్లు ఫోటో తీస్తారు. ప్రతి ఫోటోను సన్నని చుక్కలుగా విడదీసి లోహపు పలకమీదికి ఎక్కిస్తారు. ఆ మూడు పలకలను వరుసగా పసుపు, ఎరుపు, నీలం సిరాలతో ఒకదానిపై ఒకటి అచ్చువేస్తే చుక్కలు కలిసి అసలు రంగులన్నీ కంటికి కనబడతాయి. అందువలన కుందేలు చెవిలోని లేతగులాబి ఛాయ కూడా చెడకుండా పిల్లల చేతికి అందింది.

లోపాలు

గుణాలను చెప్పి దోషాలను విడిచిపెట్టడం విమర్శ అనిపించుకోదు. పాటర్ మనుషులను బాగా గీయలేకపోయింది. మెక్‌గ్రెగర్ కంటె అతని క్యాబేజీలు సజీవంగా ఉంటాయి. ఈ లోపం ఆమెకూ తెలుసు. 1911లో అమెరికా పాఠకులను దృష్టిలో ఉంచుకొని రాసిన టిమ్మీ టిప్‌టోస్ కథలో బూడిదరంగు ఉడుతలు, నల్ల ఎలుగుబంటి వస్తాయి. ఆమె అమెరికా ఎన్నడూ చూడలేదు. ఆ అడవి అరువు తెచ్చుకున్నట్లు ఉంటుంది. ఎలుగుబంటి బిగుసుకొని ఉంటుంది. 1903 నాటి నట్కిన్ కథలోని ఎర్ర ఉడుతల పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. అవి సరస్సుల సీమలో ఆమె స్వయంగా చూచిన ఉడుతలు. మరొకటి: జెరెమీ ఫిషర్ తన అతిథికి మిడత వేపుడును ఆరుద్రవంటి చిన్న చుక్కల పెంకుపురుగుల రసంతో వడ్డిస్తాడు. ఆ పెంకుపురుగు ముట్టుకుంటే చేదైన ద్రవాన్ని వదలుతుంది; పక్షులు, కప్పలు దానిని ఇష్టపడవు. ఆ విందు ఆరగించిన అతిథిని చూచి మనం జాలిపడాలి.

చూడదగిన విషయమేమంటే, ఈ లోపాలలో మొదటి రెండూ ఒకే నియమాన్ని బలపరుస్తాయి. దగ్గరగా చూచినదాన్ని గీసినప్పుడు ఆమె కుంచె తప్పలేదు. చూడనిదాన్ని గీసినప్పుడు తడబడింది.

1905లో పాటర్ సరస్సుల సీమలో హిల్‌టాప్ అనే పొలం కొన్నది. 1913లో విలియం హీలిస్‌ను వివాహమాడిన తరువాత ఆమె శ్రద్ధ వ్యవసాయం మీదికి, అక్కడి హెర్డ్‌విక్ జాతి గొర్రెల పెంపకం మీదికి మళ్ళింది. 1943 డిసెంబరు 22న మరణించినప్పుడు తన 4,000 ఎకరాలకు పైగా భూమిని నేషనల్ ట్రస్టుకు వదిలివెళ్ళింది. తాను బొమ్మలలో చూపిన కొండలు, వాగులు చెడకుండా నిలిచి ఉండాలని ఆమె కోరిక.

మన రికార్డు పుస్తకాలు

ఉపాధ్యాయ మిత్రులకు ఒక స్వానుభవం చెప్పవలసి ఉన్నది. ఒక వానకాలంలో ప్రాక్టికల్ తరగతికి పుట్టమీద మొలిచిన పుట్టగొడుగులు తెప్పించాను. కాడకు ఉంగరం లేదు. కాడ అడుగున వేరువలె పొడవైన తోక ఉన్నది. అది పుట్టలోపల చెదలు పెంచుకునే శిలీంధ్రపు తోటదాకా పోతుంది. పుట్టకూ గొడుగుకూ గల సంబంధం మన పూర్వులు ఆ పేరులోనే చెప్పారు. గంట తరువాత రికార్డు పుస్తకాలు చూస్తే, అన్నింటిలోను కాడకు చక్కని ఉంగరం ఉన్నది. తోక ఒక్కదానిలోను లేదు. పాఠ్యపుస్తకంలోని బొమ్మను అందరూ ఎక్కించారు. ఎదురుగా పళ్ళెంలో ఉన్నదానిని ఎవరూ చూడలేదు. గీతలు శుభ్రంగా ఉన్నవి గనుక నేను అందరికీ మంచి మార్కులే వేశాను. తప్పు విద్యార్థులది కాదు. చూచినందుకు కాక, ఎక్కించినందుకు మార్కులు వేసిన నాది.

ఈ రోజులలో ఏ జీవి బొమ్మ అయినా సెల్‌ఫోనులో క్షణంలో దొరుకుతుంది. అందువలన చూచి గీయడం అనవసరమని కొందరు అనుకుంటారు. నిజానికి ఇప్పుడే దాని అవసరం హెచ్చినది. దొరికిన బొమ్మ తప్పో ఒప్పో చెప్పగలిగేది వస్తువును స్వయంగా చూచిన కన్నే.

అందుకు ఖర్చు లేని పని ఒకటి ఉన్నది. వానలు పడగానే ఒక పుట్టగొడుగు తెచ్చి, కాడను కోసివేసి, గొడుగును రేకులు కిందికి ఉండేటట్లు కాగితం మీద పెట్టాలి. కాగితం సగం తెలుపు, సగం నలుపు ఉంటే మంచిది. పైన గాజుగ్లాసు బోర్లించి రాత్రంతా కదపకుండా ఉంచాలి. తెల్లవారి చూస్తే సిద్ధబీజాలు రాలి, రేకుల అచ్చు చక్రంవలె కాగితం మీద పడి ఉంటుంది. తెలియని పుట్టగొడుగును నోట పెట్టకూడదనీ, తాకిన తరువాత చేతులు కడుక్కోవాలనీ పిల్లలకు ముందే చెప్పాలి. తరువాత పుస్తకం తెరవనీయకుండా బొమ్మ గీయమనాలి. బొమ్మ పక్కన తేదీ, దొరికిన చోటు, పొడవు వెడల్పులు రాయించాలి. గీత వంకరపోయినా ఫరవాలేదు. తోక ఉన్నచోట తోక ఉంటే మార్కులు వేయాలి.

వచ్చే వానకాలం నుంచి నా తరగతిలో అట్లాగే వేయదలచుకున్నాను. ఆ తరువాత ఏ విద్యార్థి అయినా ఆ గొడుగు కింద కప్పను కూర్చోబెట్టి, దానికి చొక్కా తొడిగితే అభ్యంతరం చెప్పను. కాని ముందుకాలి వేళ్ళు మాత్రం లెక్కపెడతాను.